మిర్చి గోనెల్లో చుట్టిన బండి

మహబూబాబాద్ స్టేషను వెనక్కి జరిగేసరికి ఫ్రాన్సిస్ చేతిలో ఉన్నవి ఒక పార్సిల్ రసీదు, ఒక పాత తాళం చెవి, తెల్లారి ఐదింటి దాకా గడువు. రసీదు చొక్కా జేబులో పాలిథిన్ కవరులో భద్రంగా ఉంది. తాళం చెవి మెడలో ఉంది, భార్య దీనమ్మ పెళ్లయిన కొత్తలో వేసిన వెండి సిలువ పక్కనే, అదే నల్లదారానికి. గడువుకే చోటు దొరకలేదు, అది గుండె మీద బస్తాలా కూర్చుంది. పదకొండూ యాభైకి వరంగల్‌లో దించాల్సిన రైలు ఒంటిగంట దాటినా ఇంకా ఇక్కడే ఈడ్చుకుంటోంది. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి, అంటే కమీషన్ దుకాణం, నడుపుతున్నవాడు. ఏ పనిలో దిగినా ముందు చేతిలో ఏముందో చూసుకుంటాడు, చివర ఏం మిగిలిందో చూసుకుంటాడు, మధ్యలో పడిన తిప్పలన్నీ ఖర్చు కింద రాసి మర్చిపోతాడు. ఈ రాత్రి ఆ మధ్యలోనే ఉన్నాడు, పై బెర్తు మీద, జేబు మీద చెయ్యేసుకుని, నిద్ర రాక. రైలు చివరి పెట్టెలో, ఊరూరి సామాన్ల మధ్య, గోనెసంచుల్లో చుట్టి తాళ్లతో బిగించిన పాత బుల్లెట్టు ఒకటి తనతోపాటే వస్తోంది. వరంగల్‌లో రైలు ఆగేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో బండి దిగాలి. దిగితే ట్యాంకులో పెట్రోలు పోసి ఐదింటికల్లా స్టేషను ముందున్న టీ హోటలు దగ్గర నిలబెట్టొచ్చు. అక్కడికి పాత స్నేహితుడు కుమారస్వామి వస్తాడు. బండి ఉంటే ఎక్కుతాడు, ఇద్దరూ కన్యాకుమారి దాకా పోతారు. లేకపోతే నర్సంపేటకు పోయే మొదటి బస్సు ఎక్కి ఇంటికి వెళ్లిపోతాడు, ఇక ఈ ముచ్చట జన్మలో ఎత్తనివ్వడు.

ఆ షరతు పెట్టింది పోయిన నెల, నర్సంపేటలో, వాళ్లింటి ముందు కుర్చీలేసుకుని కూర్చున్నప్పుడు. కుమారస్వామి కరెంటు ఆఫీసులో లైన్‌మన్. యాభై నాలుగేళ్లు వచ్చినా స్తంభం ఎక్కడం చూస్తే ముందు ఒక మోకాలు, తర్వాత మనిషి మొత్తం, ఉడుత పాకినట్టే ఉంటుంది. ఫ్రాన్సిస్ బండి దొరికిన సంగతి చెప్పి, పోదామా అని అడిగితే, టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత భుజం మీది తువాల తీసి ఫ్రాన్సిస్ చేతి మీద కప్పి, దాని కిందినుంచి ఐదు వేళ్లూ పట్టి నొక్కాడు. మిర్చి బేరాల్లో చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలియకుండా తువాల కింద వేళ్లతో మాట్లాడుకునే పద్ధతి అది. ఒక్కనాడు వ్యాపారం చెయ్యని కుమారస్వామి దాన్ని వెక్కిరింపుకే వాడాడు. "నీ భాషల్నే చెప్తాన. పొద్దుగాల ఐదు. వరంగల్ టేషన్ ముందట. బండి ఉండాలె." గుంటూరు నుంచే బయలుదేరదాం, బండి ఎలాగూ అక్కడే ఉంది, ఒకరోజు దారి కలిసొస్తుంది అని ఫ్రాన్సిస్ లెక్క చెప్పబోతే తల అడ్డంగా ఊపాడు. ఎక్కడ ఆగిపోయామో అక్కడినుంచి కాదు, ఎక్కడ బయలుదేరామో అక్కడినుంచి అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పే హక్కు తనకు లేదని ఫ్రాన్సిస్‌కి తెలుసు. ఆ దారిని గుంటూరులో ఆపింది తనే.

అందుకే ఇంత తిప్పలు. మెకానిక్కు బండిని నిన్న సాయంత్రం దాకా వదల్లేదు. రాత్రికి రాత్రి తోలుకొస్తానంటే దీనమ్మ ఫోనులోనే ఒట్టు పెట్టించుకుంది. ఎడమ కన్నుకు ఆపరేషనై ఆరు నెలలు కాలేదు, ఎదురొచ్చే లారీ లైటు నీకు గుడిలో కొవ్వొత్తి లెక్క కనబడ్తది, దండం పెట్టుకుంట పోయి గుద్దుతవు అంది. సరే, ట్రాలీ ఆటోలో విజయవాడ తెచ్చి పార్సిలు కట్టించాడు. పెట్రోలు చుక్క లేకుండా తీయించాడు. చుట్టడానికి అక్కడివాళ్లు ఏవో పాత అట్టలు, చిరిగిన గుడ్డలు పట్టుకొస్తే నచ్చక, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో తన పేరున పడి ఉన్న ఖాళీ గోనెసంచులు తెచ్చుకున్నవాడు గనక, ఇరవై సంచులు రెండు వరసలుగా వేసి, మిర్చి బస్తా మూతి కుట్టే దబ్బనంతో తనే కుట్టాడు. అంత గట్టి కట్టు ఆ పార్సిలాఫీసులో ఇంకో బండికి లేదు. హమాలీలు కూడా బండిని ఒక్క నిమిషం బయట ఉంచకుండా, దగ్గుకుంటూ, గబగబా పెట్టెలోపలికి, ఇంకా లోపలికి నెట్టేశారు. మన సరుకు ముందు ఎక్కింది, ఇక బెంగ లేదు అనుకుని ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాడు.

రైలు మళ్లీ నిలబడింది. కిటికీ బయట చీకటి, దూరంగా ఒక సిగ్నలు ఎర్రగా. కేసముద్రం ఇంకా రాలేదు. ఎరుపు చూస్తే ఎవరికైనా ఆగాలనిపిస్తుంది, ఫ్రాన్సిస్‌కి మాత్రం ఆ రంగు చూస్తే రకం ఏమిటి, తేమ ఎంత, నిన్నటి మీద రేటు ఎంత అనే గుర్తొస్తుంది. అదే కదా రోగం అని దీనమ్మ అంటుంది. ఆనాడూ అంతే. ఇరవై ఎనిమిదేళ్ల కింద, ఇదే ఫిబ్రవరి. ఇద్దరికీ ఇరవై ఆరు. బండి కొనడానికి కుమారస్వామి తన సగం రెండేళ్ల పత్తి పంటలోంచి తెచ్చాడు, ఫ్రాన్సిస్ తన సగం మిర్చి అడ్తిలో గుమాస్తాగా కూడబెట్టి తెచ్చాడు. రిజిస్ట్రేషను రోజు కుమారస్వామికి జ్వరం, కాబట్టి కాగితం ఫ్రాన్సిస్ పేరు మీద రాశారు. ఎవరి పేరైతే ఏంది, కూసునేది ఇద్దరం అన్నాడు కుమారస్వామి, దుప్పటి కిందినుంచి. తర్వాత కాశిబుగ్గలో బోర్డులు రాసే కట్టయ్య దగ్గరికి బండి తీసుకుపోయి వెనక మడ్‌గార్డు మీద పసుపు రంగుతో రాయించారు, "కన్యాకుమారి దాక". దాకా అని సాగదియ్యడానికి చోటు లేదు, కట్టయ్య కుదించి రాశాడు. ఇంకో రంగు డబ్బా ఉంటే సముద్రం కూడా వేస్తనంటే కుమారస్వామి వద్దన్నాడు, సముద్రం పోయినంక చూద్దాం అన్నాడు.

సిగ్నలు పచ్చబడలేదు. ఫోను వెలిగింది. సందీపు పంపిన మెసేజి ఎప్పటిదో ఇప్పుడు చేరింది: డాడీ, రేపు యార్డుకు తేజ రకం మిర్చి బాగా వస్తుందట, బయటి పార్టీలు దిగాయట, నువ్వుంటే బాగుండు. ఫిబ్రవరి అంటే అడ్తిదారుకు ఏడాది మొత్తం. సీజన్లో పది రోజులు దుకాణం కొడుకు చేతిలో పెట్టి ఊరొదిలిపోయిన అడ్తిదారు వరంగల్‌లో ఇంతవరకు లేడు. రేటు ఎటు పోతుందో ఫ్రాన్సిస్‌కి ఆ మెసేజిలోనే కనబడింది. బొటనవేలు అక్షరాల మీదికి పోయింది, ఎంతకు ఆపాలో, ఎవరికి ముందు చూపించాలో రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. వేలు అక్కడే ఆగింది. రెండు ముక్కలు చెప్తే మూడో ముక్క తోస్తుంది, మూడో ముక్క తోస్తే ఐదింటికి స్టేషను ముందు కాకుండా ఆరింటికి యార్డులో ఉంటాడు, తన సంగతి తనకు తెలుసు. గుంటూరులోనూ అట్లాగే, ఊరికే చూసొద్దామనే పోయాడు. ఫోను బోర్లా పెట్టాడు. రైలు కదిలింది.

ఊరికే చూసొద్దామనే. మొదటిరోజు ప్రయాణం గుంటూరులో ఆపి, బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నారు. తెల్లారకముందే మెలకువ వచ్చింది. కుమారస్వామి గుర్రు పెడుతున్నాడు, కాళ్లు మంచం దాటి బయటికి ఉన్నాయి. టీ తాగడానికి కిందికి దిగినవాడు టీ తాగి తిరిగి రావొచ్చు కదా. బండి మీద యార్డు దాకా పోయాడు. అక్కడ ఎర్రటి కొండలు. అంత మిర్చి ఒకచోట అప్పటిదాకా చూడలేదు. ధర అడిగితే నవ్వొచ్చింది, వరంగల్‌లో నిన్న విన్న ధరకు ఇది ఏ మూలకు. అక్కడ ఇంకా సరుకు రాలేదు, ఇక్కడ పోటెత్తింది, మధ్యలో ఒక్క రాత్రి దారి. ఒక్క రాత్రి. తల ఆ లెక్క చేసింది, ఆపినా ఆగలేదు, ఆకలైనవాడికి అన్నం వాసన తగిలినట్టు. చేతిలో ప్రయాణం డబ్బులు మాత్రమే ఉన్నాయి, అవి పది బస్తాలకు కూడా చాలవు. బండి పక్కనే ఉంది. కాగితం తన పేరు మీద ఉంది. తొమ్మిదయ్యేసరికి బండి అమ్ముడుపోయి ఒక హోటలు యజమాని పెరట్లో ఉంది, నలభై బస్తాలు లారీ ఎక్కుతున్నాయి, ఫ్రాన్సిస్ లాడ్జి మెట్లు ఎక్కుతున్నాడు. కుమారస్వామి అప్పుడే లేచి తల దువ్వుకుంటున్నాడు. మొత్తం విన్నాడు. దువ్వెన జేబులో పెట్టుకుని ఒకటే అడిగాడు, మరి కన్యాకుమారి? ఫ్రాన్సిస్ ఆ రోజు సంతోషంలో ఉన్నాడు, ఆ సంతోషంలోనే అన్నాడు: "అది యాడికి పోతది వారీ, సముద్రం ఒడ్డున్నే ఉంటది."

ఇద్దరూ అదే లారీలో బస్తాల మీద వెనక్కి వచ్చారు. రాత్రంతా కుమారస్వామి దగ్గాడు, తుమ్మాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఏమైంది అని అడిగితే ఘాటు అన్నాడు. నాకేం తెలుస్తలేదే అన్నాడు ఫ్రాన్సిస్. నీకు తెల్వది అన్నాడు కుమారస్వామి, తువాల ముక్కుకు అడ్డం కట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఆ నీళ్లు మిర్చివేనా అని ఫ్రాన్సిస్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు, ఆ రాత్రి అనుకోలేదు. ఆ రాత్రి వరంగల్‌లో ఎవరికి అమ్మాలో అనుకుంటూ చుక్కలు చూశాడు. సరుకు అనుకున్నదానికంటే ఎక్కువకు పోయింది. వచ్చిన లాభంలో సగం కట్ట కట్టి నర్సంపేట పట్టుకుపోతే కుమారస్వామి కట్ట విప్పి, బండిలో తన సగం ఎంతో అంతే తీసుకుని మిగిలింది వెనక్కి తోశాడు. "నేను బండి కొన్న. మిర్చి కొనలే." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏనాడో తేలిపోయేది. తర్వాత ఫ్రాన్సిస్ పెళ్లికి వచ్చాడు, సందీపు బాప్తిస్మానికి వచ్చాడు, కొత్త ఇల్లు కడితే మీటరు తనే బిగించిపోయాడు. వచ్చినప్పుడల్లా మూడో వరుసలో కూర్చుని, తిని, చెయ్యి కడుక్కుని, పోతాన మరి అని పోయేవాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఉండిపోలేదు. ఫ్రాన్సిస్ లెక్కల్లో తేలని పద్దు అదొక్కటే. అన్నీ బాగానే ఉన్నట్టు కనబడుతుంది, కూడితే ఎక్కడో తేడా వస్తుంది.

పోయిన నెల గుంటూరులో టీ తాగుతుంటే ఎదురుగా ఒక పాత బండి, వెనక మడ్‌గార్డు మీద నల్లరంగు పెచ్చులూడి, పెచ్చు కింద పసుపు రంగులో "దాక". అంతే కనబడింది. ఫ్రాన్సిస్ గోటితో గీకాడు. పక్కవాళ్లు పిచ్చోడనుకున్నారు. ఇంకొంచెం గీకితే మిగతా అక్షరాలు వచ్చాయి. బండి యజమాని ఎంత చెప్తే అంత ఇచ్చాడు. బేరం ఆడకుండా వస్తువు కొనడం బతుకులో అదే మొదలు. ఇచ్చాక ఆ మనిషే అనుమానంగా చూశాడు, తక్కువ చెప్పానేమోనని.

కేసముద్రం దాటింది. రైలు ఇప్పుడు పరుగెత్తుతోంది. కింది బెర్తులోంచి తుమ్ము వినిపించింది, ఇంకోటి, వెంటనే ఇంకోటి. ఒకామె లేచి కూర్చుని లైటు వేసింది. ముప్పై ఏళ్లుంటాయి, వరంగల్ పెద్ద దవాఖానలో నర్సు, సుకన్య అట. రైలెక్కినప్పుడు సామాను సర్దుకుంటూ చెప్పింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "అన్నా, ఏమనుకోకు గని, నువ్వు మిర్చి పని చేస్తవా? నీ బట్టలు జర ఆ సంచిల పెట్టరాదు. ఖమ్మం కాణ్నుంచి పానం పోతాంది." ఫ్రాన్సిస్ తన చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. సబ్బు వాసన కూడా లేదు. అమ్మా, దీన్ల ఏం లేదు, ఉత్త సంచులు చుట్టిన అంతే అన్నాడు. ఏం సంచులు అంది ఆమె. మిర్చివి అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవిలో పడింది.

మిర్చివి. ముప్పై ఏళ్లుగా ఘాటులో బతికిన ముక్కు ఏనాడో చచ్చింది. అడ్తిదారులందరికీ అంతే, ఇంట్లోవాళ్లు తుమ్మితే చలి చేసిందనుకుంటారు. ఇరవై గోనెసంచులు, రెండు వరసలు, ఒక్కొక్కదాని నేతలో గుప్పెడు కారం. హమాలీలు అందుకే దగ్గారు. గబగబా ఎక్కించింది గౌరవానికి కాదు. ఆ ఘాటు తలుపు దగ్గర ఉంటే ఎవరూ నిలబడలేరని పెట్టెలో అన్నిటికంటే లోపలి మూలకు నెట్టారు. తర్వాత దాని ముందు ఖమ్మం సరుకు, వరంగల్ సరుకు, కాజీపేట సరుకు, సికింద్రాబాద్ సరుకు, అన్నీ. తలుపు దగ్గరున్నవి తియ్యాలి, మధ్యవి జరపాలి, దారి చెయ్యాలి, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే రెండు క్వింటాళ్ల బండిని ఎత్తి తేవాలి. రెండు నిమిషాల్లో. ముగ్గురు హమాలీలు ఉంటే. వాళ్లు పారిపోకుండా ఉంటే. మామూలు బండినైతే రెండు నిమిషాలు చాలు, కట్టు గట్టిదని మురిసిపోయాడే, ఆ కట్టే తియ్యనివ్వదు. అక్కడి పాత అట్టలు నచ్చలేదు. పనికిరాకుండా పడి ఉన్న సంచులు వాడుకుంటే ఒక ఖర్చు తప్పుతుంది అనుకున్నాడు. తప్పింది. పెద్ద బేరగాడు.

బెర్తు దిగేశాడు. నెక్కొండ దీపాలు కిటికీలో పరుగెత్తాయి. బండి దిగకపోతే కాజీపేటకు పోతుంది. అక్కడా తియ్యకపోతే సికింద్రాబాద్. దాన్ని వెనక్కి తెప్పించడానికి ఒక రోజో, రెండు రోజులో. ఐదింటికి హోటలు ముందు ఏం చూపిస్తాడు, రసీదా? కాగితం నా పేరు మీదనే ఉందని ఒకసారి బండి అమ్మేశాడు కదా. మళ్లీ కాగితమే చూపిస్తే? ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. నర్సంపేటలో నిద్రపోతూ ఉంటాడు, లేపి ఏం చెప్పాలి, బండి తెచ్చాను కానీ తేలేదు అనా. మూడోసారి మోగుతుంటే తనే కట్ చేశాడు. మరుక్షణం దీనమ్మ చేసింది. నిద్రలేదన్నమాట. ఎంత దూరం వచ్చావని అడిగి, సర్వపిండి చేసి డబ్బాలో పెట్టానని, కుమారస్వామన్నకు ఇష్టమని వెల్లుల్లి ఎక్కువేశానని చెప్పింది. ఫ్రాన్సిస్ ఊఁ కొట్టాడు. ఆమె అది విని, "ఏందయ్యా, రేటు పడ్డప్పటి లెక్క ఊపిరి తీస్తానవు" అంది. బండి దిగదేమో దీనా అన్నాడు. సంచుల సంగతి చెప్పాడు. అవతల నవ్వు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు. వెంటనే మానేసి, ప్రార్థన చేస్తాన, నువ్వు ఉరుకు అంది.

సంచి భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. పెట్టె తర్వాత పెట్టె. అటూ ఇటూ చాపిన కాళ్లు, దుప్పట్లోంచి బయటపడ్డ చేతులు, చెప్పులు, ఖాళీ నీళ్ల సీసాలు. ఎవరో పాప ఏడుస్తోంది. తను పోయిన దారంతా వెనక తుమ్ములు లేస్తున్నాయి, ఇప్పుడు వినిపిస్తున్నాయి, ఒకటి, రెండు, అటు మూడు. ముప్పై ఏళ్లుగా ఇట్లాగే పోతున్నాడా. చర్చిలో ధూపం వేసే మనిషి ఆదివారం పూజలో తన వరుస దాటేటప్పుడు ధూపం అటు ఊపి వేగంగా పోవడం గుర్తొచ్చింది, భక్తి అనుకున్నాడు. కుమారస్వామి ఎప్పుడూ మూడో వరుసలో కూర్చోవడం గుర్తొచ్చింది. అది మిర్చికి కాదు. కాదా? కాదు, అది వేరే. చివరి స్లీపరు పెట్టె చివర తలుపు మూసి ఉంది, అవతలికి దారి లేదు. ఇక్కడినుంచి సామాన్ల పెట్టెకు మధ్యలో జనరల్ పెట్టెలు రెండున్నాయి. దిగి పరుగెత్తాలి. తలుపు తీసి నిలబడ్డాడు. చల్లగాలి కొట్టింది. చింతలపల్లి దాటింది. దూరాన ఊరి దీపాలు కనబడ్డాయి. పుట్టి పెరిగిన ఊరు ఇంత తొందరగా దగ్గరికి రావడం ఎప్పుడూ చూడలేదు. మెడలో తాళం చెవి సిలువకు తగిలి చప్పుడు చేస్తోంది. ప్రభువా, నాకు లాభం వద్దు, అనుకున్నాడు, దింపితే చాలు. అనుకున్నాక ఆ ప్రార్థన కూడా బేరంలాగే వినిపించింది.

రెండూ ఐదుకు రైలు ఆగింది. ఆగకముందే దిగి, తూలి, పరుగెత్తాడు. సామాన్ల పెట్టె తలుపులు అప్పటికే తెరిచి ఉన్నాయి. ముగ్గురు హమాలీలు, ఇద్దరు కిందే నిలబడి కళ్లు నలుపుకుంటున్నారు, చేపల పెట్టెలు రెండు, మందుల అట్టపెట్టెలు కొన్ని ప్లాట్‌ఫాం మీద పడి ఉన్నాయి. నా బండి, నా బండి అని రసీదు చూపిస్తే ఒకతను మొహం తుడుచుకుంటూ లోపలికి చెయ్యి చూపించాడు, ఇది నీదా సేటు, మమ్ముల సంపుదామని తెచ్చినవా అన్నాడు. లోపల చీకట్లో ఎవరో ఉన్నారు. తువాల మొహానికి చుట్టుకుని, అట్టపెట్టెలు పక్కకు విసురుతూ, బస్తాల మీదినుంచి పాకుతూ మూలకు పోతున్నాడు. ముందు ఒక మోకాలు, తర్వాత మనిషి మొత్తం. ఫ్రాన్సిస్‌కి మొహం చూడాల్సిన పని లేకపోయింది.

కూత పడింది. గార్డు టార్చి ఊపుతూ దిగు, దిగు అని అరుస్తున్నాడు. లోపలినుంచి బండి రెండడుగులు జరిగిన చప్పుడు, దగ్గు, ఇంకో అడుగు. ఫ్రాన్సిస్ ఎక్కబోయాడు, హమాలీ చెయ్యి పట్టి లాగాడు. రైలు కదిలింది. కుమారస్వామి తలుపు దాకా వచ్చాడు, ఒక చెయ్యి వెనక గోనెలు చుట్టిన హ్యాండిలు మీదే ఉంది. ప్లాట్‌ఫాం చూశాడు. ఫ్రాన్సిస్‌ని చూశాడు. ఇంకా ఎద్దులబండి నడక మీదే ఉంది రైలు. ఇన్నేళ్లుగా స్తంభాల మీదినుంచి దూకినవాడికి అది దూరం కాదు. దిగు స్వామీ అని అరిచాడు ఫ్రాన్సిస్. కుమారస్వామి హ్యాండిలు వదల్లేదు. తుమ్మాడు. తుమ్ముతూనే వెళ్లిపోయాడు.

ప్లాట్‌ఫాం ఖాళీ అయింది. పార్సిలాఫీసు ముందు సిమెంటు బల్ల మీద ఒక చేతిసంచి, దాని పక్కన మడిచిన దుప్పటి, దుప్పటి మీద చార్జరుకు పెట్టిన ఫోను. కుమారస్వామిదే, తెర మీద తన మూడు పిలుపులు. హమాలీ చెప్పాడు, ఆ సారు రాత్రి తొమ్మిది నుంచి ఇక్కడే ఉన్నాడని, బండి ఎక్కడ దిగుతది, ఎట్ల దిగుతది అని వందసార్లు అడిగి పానం తిన్నాడని, టీలు కూడా తనే తాగించాడని, రైలు చప్పుడు వినంగనే ఫోను మరిచి ఉరికాడని. రాత్రి తొమ్మిది. నర్సంపేట నుంచి తెల్లారి ఐదింటికి వరంగల్ చేరాలంటే బస్సు ఎక్కడుంది? ఆఖరి బస్సుకు వచ్చి రాత్రంతా కూర్చోవాల్సిందే. నిమిషాలు, కిలోమీటర్లు, పెట్రోలు, కన్ను, అన్నీ లెక్కేసినవాడు ఆ ఒక్కటి వెయ్యలేదు. ఐదింటికి రమ్మన్నవాడు ఐదింటికి ఎట్లా వస్తాడని అనుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో అటువైపు నుంచి ఒక్కసారీ లెక్క వేసి చూడలేదు. బల్ల మీద కూర్చున్నాడు. ఎవరిదో ఫోను మోగింది, తనదే, తెలియని నంబరు.

"వారీ," అవతల దగ్గు, "గార్డు సారు ఫోన్ల మాట్లాడ్తాన. తిట్టిండు, తిట్టి ఇచ్చిండు. ఒక ముచ్చట చెప్పు, ఆనాటి గోనెలు ఇంక పారెయ్యలేదా నువ్వు?"

సంచులు కొత్తవే స్వామీ అని ఫ్రాన్సిస్ చెప్పబోయి, దానివల్ల తేడా ఏమీ రాదని ఆగాడు. కుమారస్వామి చెప్పుకుపోయాడు, కాజీపేటలో దింపుతారట, అక్కడ ఆగేది ఎక్కువసేపట, గార్డు ముందే ఫోను కొట్టి మనుషుల్ని పిలిపిస్తున్నాడట, బండికి గీత పడలేదట, మడ్‌గార్డు దగ్గర సంచి చిరిగితే టార్చి వేసి చూశాడట, కట్టయ్య రాత ఉందట. రసీదు యాడున్నది అని అడిగాడు. నా జేబుల. తాళం? మెడల. కుమారస్వామి తుమ్మాడు. అయితే నువ్వు రాక ఇది కదలది, నేను లేక ఇది దిగది అన్నాడు. ఐదింటికల్లా ఎట్లైనా మళ్లా వరంగల్ తెస్త, టేషన్ ముందటికి, నువ్వు చెప్పినట్టే, అన్నాడు ఫ్రాన్సిస్. రైలు చప్పుడు మీదుగా కుమారస్వామి గొంతు వినిపించింది.

"జర పైలంగ రా. కన్యాకుమారి యాడికి పోతది, సముద్రం ఒడ్డున్నే ఉంటది."

స్టేషను బయట ఒకే ఆటో ఉంది. కాజీపేట అంటే డ్రైవరు ఎంతో చెప్పాడు, ఫ్రాన్సిస్ వినకుండానే ఎక్కాడు. ఒళ్లో కుమారస్వామి చేతిసంచి, దుప్పటి, ఫోను. కొంచెం దూరం పోయాక డ్రైవరు తుమ్మాడు. ఫ్రాన్సిస్ సారీ తమ్మీ అన్నాడు, ఎందుకో తెలియక అతను అద్దంలో చూశాడు. వీధి దీపాలు వెనక్కి పోతున్నాయి. అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాడు. పోయినవి రెండు గంటలు, ఇరవై గోనెసంచులు, తనకు ముక్కుందన్న నమ్మకం. చేతిలో ఉన్నవి బయలుదేరినప్పటివే, అదే రసీదు, అదే తాళం చెవి, అదే ఐదింటి గడువు. వరంగల్‌లో దిగాల్సిన బండి దిగలేదు. ఎక్కుతాడో లేదో అనుకున్న మనిషి ఎక్కాడు.